నలుగురికి పన్నెండు సీట్లు

ఈ పొద్దున కాఫీ ఇంకా గొంతు దిగనే లేదు, చిత్తూరు నుంచి మా అక్క ఫోను. హలో లేదు, బాగుండావా లేదు. "ఏమే, లేచినావా? నార్వేలో ఏందో మంచు మీద పొయ్యే రైలుండాదంట గదా, దానికి రేపు సీట్లు వదుల్తారంట. ఈ తూరి ఒక్క ఫోనే. మిగిలినవన్నీ బియ్యం డబ్బాలో ఏసి మూత పెట్టండి," అని చెప్పి పెట్టేసింది. అరవై దాటిన మనిషి, మోకాళ్లకు పూటకో నూనె రాసుకునే మనిషి, గొంతు మాత్రం తిరణాలకు బయలుదేరిన చిన్నపిల్ల గొంతు. నేను నవ్వి నవ్వి కాఫీ చీర మీద పోసుకున్నాను. మా ఆయన పేపరు దించి, "మళ్ళా మొదులుపెట్టిందా మీయక్క?" అన్నారు. మొదలే మరి. ఆ "ఒక్క ఫోనే" అన్న మాట వెనక పెద్ద కథ ఉంది. అది చెప్పాలంటే ముందు నా వాంతుల సంగతి చెప్పాలి.

నవ్వకండి. మా చిన్నతనంలో చిత్తూరు నుంచి తిరుపతిలో అమ్మమ్మ వాళ్లింటికి రావాలంటే బస్సే గతి. బస్సు స్టాండులోకి తిరిగీ తిరగకముందే మా నాయన పరుగెత్తి కిటికీలోంచి తువ్వాలు లోపలికి విసిరేవాడు. తువ్వాలు పడ్డ సీటు మాది. దాన్ని తీసి ఎవరైనా కూర్చున్నారా, ఇక యుద్ధమే. సీటు దొరికాక కిటికీ పక్కన నేను. అది మా ఇంటి చట్టం. ఎందుకంటే నాకు బస్సు పడదు. డీజిలు వాసన ముక్కుకు తగిలితే చాలు కడుపులో దేవేది. పూతలపట్టు వచ్చేసరికి మొహం పాలిపోయేది. ఆపైన ఏం జరిగేదో చెప్పక్కర్లేదు. మా అక్కకు ఏ బస్సూ ఏమీ చేసేది కాదు. గట్టి పిండం. ఆ గట్టితనమే ఆమె కొంప ముంచింది. వాంతి వచ్చేవాళ్లకే కిటికీ అయితే, రానివాళ్లకు కిటికీ ఎప్పుడొస్తుంది? సీటు కమ్మీ పట్టుకుని నిలబడి, రెండో చేత్తో నిమ్మకాయ నా ముక్కు దగ్గర ఆడిస్తూ వచ్చేది. ఒకసారి మాత్రం, "నాయనా, నాకు గూడా వాంతొచ్చేటట్టుండాది," అంది. నాయన ఆమె మొహం తేరిపార చూసి, "నీకా? నువ్వు రాళ్లు తిని అరిగించుకుంటావు, గమ్మునుండు," అన్నాడు. చుట్టుపక్కల సీట్లవాళ్లంతా నవ్వారు. అక్క నవ్వలేదు.

మా బావకు చిత్తూరులో మామిడి మండీ. కాయ దిగే కాలంలో ఆయనకు పెళ్లాం మొహం కూడా గుర్తుండదు. ఆ కాలమంతా ఇల్లూ లెక్కలూ అక్కే చూసుకునేది. అలాంటిది, రెండేళ్ల కిందట సంక్రాంతో ఉగాదో కూడా కాని ఒక మామూలు ఆదివారం, తిరుపతిలో మా ఇంట్లో పలావు తింటూ, ఈసారి కాయల కాలం ముగిశాక నలుగురం యూరప్ పోదామంది. రైళ్లలోనే తిరగాలట. "ఇమానం కిటికీలో ఏముంటాది, మబ్బులు. నాకు కొండలు కావల్ల. మంచుకొండల్లో పొయ్యే రైలుండాది సూడు, దాంట్లో కిటికీ పక్కన నేను కూచోవల్ల. అదొక్కటి చెయ్యండి, మిగిలినాళ్లు మీరు యాడికి తిప్పినా వస్తా," అంది. అక్క నోరు తెరిచి ఏదైనా అడగడం మేమెవరమూ అంతకుముందు వినలేదు. నాకైతే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి టికెట్ల సంగతి నెత్తిన వేసుకుంది. ఫోన్లో గంటసేపు పాఠం చెప్పింది. ఒక పాసు కొంటే అక్కడ చాలా దేశాల్లో రైళ్లెక్కి దిగొచ్చు. కానీ పాసు ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. కొన్ని రైళ్లలో సీటును విడిగా రిజర్వు చేసుకోవాలి. మా బావ భగ్గుమన్నాడు. "ఎక్కేదానికొక టికెట్టు, కూచునేదానికింకో టికెట్టా? ఇదేం న్యాయమబ్బా!" అక్క ఆయన వైపు చూసి, "దేనికట్లా అరస్తావు? మన బస్సులో మాత్రం ఏమి? టికెట్టు కండక్టరిస్తాడు, సీటు తువ్వాలిస్తాది," అంది. అంతే, అందరికీ అర్థమైపోయింది. మా అమ్మాయి మాత్రం చివర్లో ఒక హెచ్చరిక చేసింది. ఆ కొండల రైలుకు సీట్లు తెరవగానే కిటికీలన్నీ పోతాయట, కొన్నాక రద్దు చేసుకోవడం కుదరదట. "అమ్మా, నేనొక్కదాన్నే చేస్తా. మీరెవురూ ముట్టుకోవద్దండి," అంది.

తిరుపతివాళ్లకు చెప్పదగ్గ మాటేనా అది? మేమేదో స్వామివారి పక్కింట్లో కాపురం ఉంటున్నట్టు, దేశంలో ఉన్న చుట్టాలంతా దర్శనం టికెట్లకు మాకే ఫోను చేస్తారు. టికెట్లు వదిలే రోజున మా ఇల్లు చూడాలి. స్నానాలు ముందే అయిపోవాలి. పేర్లు, వయసులు, నంబర్లు అన్నీ సిద్ధం. ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్నీ బయటికి రావాలి, అందరూ ఒకేసారి నొక్కాలి. నాలుగింటిలో మూడు తిరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి తగులుతుంది. ఆ ఒక్కటి తగిలితే గోవిందా అని అరుస్తాం. ఇది మా విద్య. ఇంత విద్య చేతిలో ఉండగా, అక్క కిటికీని ఒక్క పిల్ల ఫోనుకు వదిలేసి ఊరుకుంటామా?

ఆ రోజు అక్కా బావా పొద్దున బస్సుకే చిత్తూరు నుంచి దిగారు. దేవుడి దగ్గర దీపం పెట్టాం. అక్క వంటింటి గట్టు దగ్గర, నేను భోజనాల బల్ల దగ్గర, బావ సిగ్నలు కోసం మిద్దె మీద. మా ఆయన గోడ గడియారం కింద నిలబడి టైము చెప్పే పని తీసుకున్నారు. "తెరిచినారు, కొట్టండి!" అన్నారు. కొట్టాం. కళ్లద్దాలు జారిపోతున్నాయి. ఒక్కసారిగా తెర మీద పచ్చటి గుర్తు పడింది. "వచ్చేసింది! అక్కా, వచ్చేసింది!" అని కేక పెట్టాను. అక్క పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది. సరిగ్గా అప్పుడే అమ్మాయి ఫోను. "అయిపోయిందమ్మా, పెద్దమ్మకు కిటికీ దొరికింది." ఆ పిల్లకేం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటుంటే, మిద్దె మెట్ల మీద దడదడా చప్పుడు. బావ లుంగీ ఎగ్గట్టుకుని, ఫోను పైకెత్తి, వేలంపాట పాడినట్టు అరుస్తూ దిగుతున్నాడు. "కొట్టినా! నాలుగూ కొట్టినా! కిటికీలు రెండూ మనవే!"

అక్క ఫోను ఇంకా గట్టు మీద తిరుగుతూనే ఉందని గుర్తొచ్చి మా ఆయన ఒక్క గెంతులో పోయి దాన్ని ఆర్పేశారు. నలుగురు మనుషులం, పన్నెండు సీట్లు. ఫోన్లో అమ్మాయి గొంతు ఇల్లంతా మోగింది. "ఇది దర్శనం కాదమ్మా! అందురు నొక్కితే అందురికీ ఇస్తారు!" బావ కుర్చీలో కూలబడి, "అడిగినోళ్లకంతా ఇచ్చేస్తే అదేం బుకింగప్పా," అని నిట్టూర్చాడు. మేం తిట్లు తింటూనే ఉన్నాం, అక్క మాత్రం అందరి ఫోన్లూ వరసగా పెట్టుకుని కిటికీ సీట్లు ఎన్నున్నాయో చూసుకుంటోంది. ఆ మొహం చూశాక నాకు పశ్చాత్తాపం ఇసుమంతైనా కలగలేదు.

సెప్టెంబరులో, స్విట్జర్లాండులో ఆ రైలెక్కాం. ఎంత పెద్ద అద్దాలు! మా సీట్లన్నీ ఒకే పెట్టెలో పక్కపక్కనే పడ్డాయి, ఒక్కోదానికి రిజర్వు అయిందని చిన్న చీటీ. అక్క కిటికీ పక్కన కూర్చుని, కొంగు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది, ఫోటోకు కూర్చున్నట్టు. ఎదురుగా రెండో కిటికీ పక్కన నేను. మగవాళ్లిద్దరూ నడవ వైపు. రైలు కదిలింది, పచ్చిక, చెరువు, దూరంగా తెల్లటి కొండ. "అబ్బా!" అంది అక్క. ఇంకో మలుపు, ఇంకో "అబ్బా!" తర్వాతి స్టేషనులో జనం తోసుకొచ్చారు. ముందు రైలేదో రాలేదట. పెట్టె కిక్కిరిసింది. అయినా ఖాళీగా ఉన్న మా ఎనిమిది సీట్లలో ఒక్కరూ కూర్చోరే! ఆ చీటీ చదువుకుని, వీపుల మీద సంచులతో మర్యాదగా పక్కన నిలబడ్డారు. అక్క నోరు తెరిచింది. "తువ్వాలు గూడా లేదు గదే! చీటీముక్కకే ఇంత మర్యాదా?" అని లేచి, అచ్చ తెలుగులో పిలవడం మొదలుపెట్టింది. "రాండి నాయనా, రాండి, కూచోండి, అన్నీ మావే." బావకు ఊపొచ్చింది. మండీలో మాదిరి చెయ్యెత్తి, చేతికర్ర ఉన్న ముసలాయనకొకటి, ఆయన భార్యకొకటి అని సీట్లు పంచాడు. టికెట్లు చూడటానికొచ్చినాయన మా మూడు బుకింగులూ చూసి, మమ్మల్ని చూసి, నవ్వాపుకోలేక ముందుకు పోయాడు. సీటు దొరికిన ప్రతివాళ్లూ అక్కకు దణ్ణం పెట్టినంత పని చేశారు.

అన్నీ నిండిపోయాక వచ్చింది ఒక తల్లి, ఏడేళ్ల కూతురిని చెయ్యి పట్టుకుని. పిల్ల మా పక్కనే నిలబడింది. ఆ మొహం రంగు నాకు తెలుసు. అది పూతలపట్టు దగ్గర నా మొహం రంగు. పిల్ల గుటకలు మింగుతోంది. అక్క కూడా చూసింది. చూడగానే ఆమె చెయ్యి సీటు మీద ఆనింది, ఒళ్లు లేవబోయింది. అలవాటు కదా, యాభై ఏళ్ల అలవాటు. వద్దక్కా, ఈ ఒక్కసారికి వద్దు అనుకున్నాను. అక్క సగం లేచింది, కిటికీలో కొండ వైపు చూసింది, మళ్లీ గట్టిగా కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, చాలా మామూలుగా, "నువ్వు లెయ్యే," అంది.

లేచాను. ఏం హాయిగా లేచానో! పిల్ల నా చోట కూర్చుంది. అక్క సంచిలోంచి నిమ్మకాయ తీసింది. "నీకోసరమే పొద్దున అంగట్లో కొన్నాలే," అని నాతో అంటూ దాన్ని గోటితో గిల్లి పిల్ల ముక్కు దగ్గర ఆడించింది. పిల్ల వాసన పీల్చి దూరంగా చూడసాగింది. కాసేపటికి బుగ్గల్లోకి రంగొచ్చింది. నేను సీటు అంచు పట్టుకుని నిలబడి కిటికీలోంచి చూశాను. కొండలేవి? నిలబడ్డ మనిషికి కొండ కొసలు కనబడవు, పట్టాల పక్క కంకరా, గట్టు మీది గడ్డీ, చెట్ల మొదళ్లూ తప్ప. చిత్తూరు నుంచి తిరుపతిదాకా అక్క చూసిందంతా ఇదేనా అనుకునేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క అద్దానికి నుదురు ఆనించి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఏమే, కాళ్లు నొస్తాండాయా?"

"లేదక్కా."

"అయితే ఇంగొంచేపు నిలబడు."

ఒక కిటికీ నా పక్కనుంచి అక్క పక్కకు జరగడానికి సగం జీవితం పట్టింది. కానీ ఆ అద్దంలో ఆమె మొహం చూస్తే, ఆ సగం జీవితం ఎక్కడికీ పోలేదనీ, నాయన తువ్వాలు వేసి పట్టిన సీటులా అక్క కోసం ఖాళీగానే ఉందనీ అనిపించింది.