అంచు కింద సందు

పెద్ద కోడలు నలభై ఏళ్లుగా పేము బుట్టలు అల్లుతోంది. ఇన్నేళ్లలో ఆమెకు నడుం నొప్పి వచ్చింది, అరచేతులు కాయలు కాశాయి, బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది. ప్రేరణ మాత్రం ఒక్కసారీ రాలేదు. అందుకే హస్తకళల సభలో వేదికెక్కి కూర్చుని పక్కవాళ్ల ప్రేరణలు వింటుంటే ఒళ్లు మండిపోతోంది.

కుండలాయన తనతో మట్టి మాట్లాడుతుందన్నాడు. మట్టికి నోరే ఉంటే ముందు ఈయన్ని ఊరుకోమనేది అనుకుందామె. నేత పనావిడ, రంగులు తనకు కలలో కనబడతాయంది. డబ్బాలు కొనేది బజార్లో, గొప్పలు పోయేది కలలో! జనం ఒకటే చప్పట్లు. చెవిలో పూలు పెట్టించుకోవడానికి ఇంతమంది పనులు మానుకుని వచ్చారా అని ఆమె విస్తుపోయింది.

తర్వాత మరిది లేచాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన శాలువా, చేతిలో అత్త అల్లిన పాత బుట్ట. బుద్ధెరిగాక ఆయన పేము ముట్టింది కుర్చీలో కూర్చున్నప్పుడే.

"ఈ బుట్ట అంచు కింద సన్నటి సందు ఉంది చూశారా? అది మా వంశం ముద్ర. బుట్టకి గాలాడాలని మా నాన్నగారు కనిపెట్టారు. మా అమ్మకీ, వదినకీ ఆయనే నేర్పారు" అన్నాడు.

సభ పెట్టిన మేడమ్ మురిసిపోయింది. ఆ బుట్టను హాల్లో అద్దాల బీరువాలో పెడతామనీ, ఈ అల్లిక నాన్నగారి సృష్టి అని ఆయన పేరుతో బోర్డు రాయిస్తామనీ అక్కడికక్కడే ప్రకటించింది.

పెద్ద కోడలికి అత్త గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్లకు కాపురానికొచ్చిన తనను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కనాడూ కసరకుండా పని నేర్పింది అత్త. మామ చేసిందల్లా గుమ్మంలో కూర్చుని వంకలు పెట్టడం. ఇప్పుడు తను నోరు మెదపకపోతే, పోయిన అత్త ఆ అద్దాల వెనక కూడా ఆయన శిష్యురాలే అయిపోతుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని తన మీద కూడా ఆమెకు అసహ్యం వేసింది.

మరిది మైకు అందిస్తూ గొణిగాడు. "రెండు ముక్కలు చెప్పి కూర్చో వదినా."

"మా మరిది చెప్పింది నిజమే" అందామె. మరిది ముఖం వెలిగిపోయింది. "ఆ సందు మా మామగారి వల్లే వచ్చింది. ఓ రోజు అన్నం చల్లారిందని, అత్త చెయ్యి గుమ్మానికి పెట్టి తలుపేశాడు. చూపుడువేలు విరిగింది. మళ్లీ వంగలేదు. అంచు కింద వరస బిగించాలంటే ఆ వేలే కావాలి. అప్పట్నుంచీ ఆవిడకి ఆ వరస వదులే. నేను ఆ చేతులు చూసి నేర్చుకున్నా. నా వేళ్లన్నీ బానే ఉన్నా, నాకూ వదులే వస్తుంది."

మరిది పళ్లు బిగించి, "ఇంటి సంగతులు ఇక్కడెందుకు వదినా?" అన్నాడు.

"మరి ఇందాకట్నుంచీ నువ్వు చెప్పింది ఎవరింటి సంగతి మరిదీ?"

మేడమ్ కంగారుగా ముందుకొచ్చింది. "అయ్యో, తెలీదమ్మా. బోర్డు మీద ఆయన పేరు తీసేద్దాం."

"తియ్యకండమ్మా" అంది పెద్ద కోడలు. "అల్లింది అత్త అని పైన రాయండి. కింద ఆయన పేరు ఉంచండి. ఏ వేలు విరగ్గొట్టాడో అది కూడా రాయండి."