స్టీరింగు లేని వైపు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా వారు కువైట్‌లో ఉన్నన్నాళ్లూ కొబ్బరితోట మధ్య ఇంట్లో ఒక్కదాన్నే పడుకున్నాను. రాత్రిపూట పెరట్లో కొబ్బరిమట్ట దబ్బున పడితే, పొద్దున్న పొయ్యిలోకి పనికొస్తుందిలే అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. తాయెత్తు కట్టుకున్న మనిషి కనబడితే నవ్వకుండా ఉండలేను. ఇది చదివాక మీరు నన్ను చూసి నవ్వినా ఏమీ అనుకోను.

మాది ఐనవిల్లి దగ్గర ఊరు. మా వారు కువైట్‌లో ఒక పెద్దమనిషి దగ్గర డ్రైవరుగా చేశారు. ఎడారిలో ఇసుక దిబ్బలు ఎక్కి దిగే పెద్ద పెద్ద బండ్లు ఆయన చేతిలో ఉండేవి. ఫోన్ చేసినప్పుడు నేనెలా ఉన్నానో ఒక ముక్కలో అడిగి, ఆ బండి ఎలా ఉందో పది ముక్కల్లో చెప్పేవారు. ఉద్యోగం మానేసి వచ్చాక ఆయనకి ఒకటే కోరిక. ఇన్నాళ్లూ ఇంకొకరి కోసం నడిపిన అలాంటి బండి ఇప్పుడు సొంతంగా ఉండాలి.

కొత్తది మాకు అందేది కాదు. విదేశంలో వాడిన బండినే తెప్పించుకోవాలి. కువైట్ స్నేహితులు ఒకటి చూసిపెట్టారు కూడా. తీరా అడిగితే, అక్కడి బండ్లకి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబట్టి మన దేశంలోకి రానివ్వరని తేలింది. స్టీరింగు కుడివైపే ఉండాలిట, బండికి మూడేళ్లు దాటకూడదట, ఓడ దిగడం బొంబాయిలోనేనట. ఆయన ముఖం మాడిపోయింది. చివరికి ఇంగ్లండులో ఉంటున్న మా పిన్ని కొడుకు ఒక బండి వెతికి, ఓడ ఎక్కించాడు. బొంబాయిలో కాగితాలు, పరీక్షలు, సంతకాలు అన్నీ అయ్యేసరికి మా తోటలో రెండుసార్లు కొబ్బరికాయల దింపులు అయిపోయాయి. సుంకం ఎంత కట్టారని మాత్రం అడక్కండి, ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు తిరుగుతాయి.

బండి రాగానే ఊరంతా కదిలొచ్చింది. ముదురాకుపచ్చ రంగు, మనిషి ఎత్తు. ఎక్కడానికి మెట్టుంది, ఆ మెట్టు ఎక్కడానికి నాకు ఇంకో మనిషి సాయం కావాల్సి వచ్చింది. మా కాలవ వంతెన మీద పెడితే అటూ ఇటూ జానెడు కూడా మిగలదు. మా వారు ప్రతిసారీ దిగి, చక్రాలు చూసుకుని, మళ్లీ ఎక్కి, ఊపిరి బిగబట్టి దాటించేవారు.

ఐనవిల్లి వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించాం. దండ వేసి, బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. చుట్టాలందరూ చూస్తుండగా మా వారు దేవుడికి దణ్ణం పెట్టి, ఠీవిగా వెళ్లి, ఎడమ తలుపు తీసి కూర్చుని, బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ ముందుకి చాచారు. అక్కడ స్టీరింగు లేదు.

"అది అటుపక్కుందండీ," అన్నారు పూజారిగారు.

అన్నేళ్ల అలవాటు మరి. ఆ తర్వాత కూడా వారానికి ఒకసారైనా అలా చేసేవారు. నేను నా సీట్లో కూర్చున్నాక కూడా వచ్చి నా తలుపే తీసేవారు. "ఏవండీ, నా ఒళ్లో కూచుని నడుపుతారేంటండీ?" అంటే సిగ్గుపడి బండి చుట్టూ తిరిగి వెళ్లేవారు. మా తమ్ముడి పిల్లలైతే ఆయన కనబడితే చాలు, "మావయ్యగారూ, స్టీరింగు ఎవరెత్తుకెళ్లిపోయేరండీ?" అని ఒకటే అల్లరి. ఆయనా నవ్వేవారు. నేను ఆయన్ని అంత సంతోషంగా అంతకు ముందెప్పుడూ చూడలేదు.

మా వారికి షుగరు ఉంది. ఇన్సులిన్ పొడుచుకుంటారు. పొడుచుకున్నాక అన్నం తినడం ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ఎక్కడికెళ్లినా ఆయన వెంట నేనుంటాను. ఆ ఒక్కరోజు లేను.

మా తమ్ముడికి ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. వాడు రమ్మంటే ఆయన పొద్దున్నే బండి తీసుకుని వెళ్లారు. దింపు కూలీలు వస్తారని నేను ఉండిపోయాను. అక్కడ మధ్యాహ్నం భోజనం ముందు ఆయన ఇన్సులిన్ పొడుచుకున్నారు. విస్తరి వేస్తుండగా కరెంటు పోయింది. చెరువు నీళ్లని చిలికి రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి. అవి ఆగితే పంటంతా పోతుంది. జనరేటరు దగ్గరకి అందరూ పరుగెత్తారు, ఈయనా పరుగెత్తారు. ఆ హడావిడిలో అన్నం తినకుండానే, ఇంటికెళ్లి తింటానని బండెక్కేశారు. కుడి సీట్లోనే ఎక్కారు. మా తమ్ముడు కళ్లారా చూశాడు.

దారిలో కాలవగట్టు మీదకి వచ్చేసరికి చెమటలు పట్టి చేతులు వణికాయట. ఆపి, దిగి, కాలవ నీళ్లతో ముఖం కడుక్కున్నారు. వెనక్కి వచ్చి తలుపు తీసి కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. స్టీరింగు కోసం చేతులు చాచారు. "మళ్లీ ఇటే ఎక్కేను, నీకు తెలిస్తే నవ్వుతావనుకున్నాను. నాకూ నవ్వొచ్చింది. అంతే, ఇంకేం గుర్తులేదు," అన్నారు తర్వాత నాతో.

మధ్యాహ్నంపూట నేను మామూలుగా పడుకోను. ఆ రోజు మాత్రం దింపు లెక్క చూసుకుని కుర్చీలో ఒరిగితే మొద్దునిద్ర పట్టేసింది. ఫోను మోగి మోగి ఆగిపోయినా మెలకువ రాలేదట. పక్కింటి వదినగారు వచ్చి భుజం పట్టి ఊపితే గానీ లేవలేదు. ఫోను అమలాపురంలో ఆసుపత్రి నుంచి. నెలనెలా నేను ఆయన్ని షుగరు పరీక్షకి తీసుకెళ్లే ఆసుపత్రే. "మీ వారిని చేర్చుకున్నాం, ఇప్పుడు పర్వాలేదు, రండి," అన్నారు.

ఆటోలో నేను ఎలా వెళ్లానో నాకు తెలియదు. దారంతా ఆ బండినీ, దాన్ని ఓడ ఎక్కించిన మా పిన్ని కొడుకునీ, ఆయన్ని ఒంటరిగా పంపిన నన్నూ తిట్టుకుంటూనే ఉన్నాను. వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు, చేతికి సెలైను. నన్ను చూసి, "బండికేం కాలేదుగా?" అన్నారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అక్కడే, నర్సుల ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరుగారు చెప్పారు.

ఇంతకీ ఎవరు తీసుకొచ్చారు? ఆ పుణ్యాత్ముడికి దణ్ణం పెట్టుకుందామని వాచ్‌మన్‌ని అడిగాను.

"ఎవరూ లేరండీ," అన్నాడు. "హారను ఆగకుండా మోగతుంటే తిడదామని వచ్చేనండి. చూస్తే ఎడమ సీట్లో బెల్టు పెట్టుకుని, తల వాల్చేసి ఈయనొక్కరే ఉన్నారండి. నేను తలుపు తియ్యగానే హారను ఆగిపోయిందండి."

తెచ్చి వదిలేసి పారిపోయిన మంచివాడు ఎవరో ఉండి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం నుంచి పలకరింపులు మొదలయ్యాయి. ముందు మా కొబ్బరికాయలు ఎత్తే లారీ డ్రైవరు వచ్చాడు, చాలా ఏళ్లుగా తెలిసినవాడు.

"మధ్యాహ్నం ముమ్మిడివరం ఇవతల వంతెన మీద నాకు ఎదురొచ్చేరండీ. అయ్యగారి బండి కదాని నేనే లారీ వెనక్కి తీసేను. బాగానే నడుపుకొచ్చేరండీ అప్పటికి."

"ఏ పక్క కూచున్నారు?" అని అడిగాను.

"ఎడమపక్కనండీ."

"మరి కుడిపక్క?"

"ఖాళీయేనండీ. ఫారిన్ బండి కదండీ, స్టీరింగు ఎడమపక్కే ఉంటాది కదండీ?"

కాదని నేను చెప్పలేదు. తర్వాత ముమ్మిడివరంలో టీ కొట్టు పెట్టుకున్న మా వారి స్నేహితుడు వచ్చాడు. అతనూ అదే మాట. "మా కొట్టు ముందు నుంచే వెళ్లేరండీ. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపేరు. నేనూ ఊపేను," అన్నాడు. ఆ చెయ్యి ఊపినది కాదు, ఊగినది. అది నాకు అప్పుడే అర్థమైంది.

ఇంటికి రావాలంటే మధ్యలో ఒకచోట పక్కకి తిరగాలి. బండి అక్కడ తిరగకుండా తిన్నగా అమలాపురం వెళ్లింది. ఆసుపత్రి గేటు దగ్గరున్న కెమెరా చూపించమని మా తమ్ముడు అడిగాడు. అది వెనకనుంచి తీసింది. బండి నెమ్మదిగా వస్తుంది, ఇండికేటరు వేసి, ఆటోకి దారిచ్చి, లోపలికి తిరిగి చెట్టు నీడలో ఆగుతుంది. వాచ్‌మన్ వచ్చేదాకా అందులోంచి ఎవరూ దిగలేదు. మా వారు ఇండికేటరు వెయ్యడం నేను జన్మలో చూడలేదు.

డాక్టరుగారు శాస్త్రీయంగా చెప్పారు. షుగరు పడిపోయినప్పుడు మనిషి తెలియకుండానే పనులు చేసేస్తాడట, నడిపి నడిపి చివర్లో పక్క సీట్లోకి జరిగి ఉంటాడన్నారు. అదే నిజమనుకోవాలని నాకూ ఉంది. కానీ ఎదురొచ్చిన లారీ డ్రైవరు చూసినదో? బండి దానంతటదే నడిచే రకమేమో అని కాకినాడ నుంచి మెకానిక్‌ని పిలిపించాం. "గీతలున్న హైవే మీద కాస్త సాయం చేస్తాదండీ, అదీ డ్రైవరు సీట్లో మనిషుంటేనే. మీ కాలవగట్టు మీద గీతలెక్కడున్నాయండీ?" అని నవ్వేశాడు.

ఇంగ్లండులో దీని పాత యజమాని పోయి ఉంటాడని, ఆయనే వచ్చి నడిపాడని మా ఆడపడుచు తేల్చేసింది. మా పిన్ని కొడుకుతో వాకబు చేయించాను. ఆ యజమాని నిక్షేపంగా ఉన్నాడట. ఇంతకన్నా పెద్ద బండి కొనుక్కున్నాడట.

ఇక నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది. మర్నాడు ఆసుపత్రి నుంచి బండి తీసుకెళ్లడానికి మా తమ్ముడు వచ్చాడు. తాళం అప్పటిదాకా వాచ్‌మన్ దగ్గరే ఉంది. ఎక్కబోయి, "అక్కా, ఈ సీటు ఎవరు జరిపేరే?" అని పిలిచాడు. మా వారు ఆరడుగుల మనిషి, సీటు ఎప్పుడూ వెనక్కి, కిందకి ఉంటుంది. ఇప్పుడది బాగా ముందుకి జరిగి, పైకి లేచి ఉంది. మా తమ్ముడి మోకాళ్లు దూరడం లేదు.

నేను ఏ కుర్చీలో కూర్చున్నా కాళ్లు గాల్లో ఊగుతుంటాయి. ఆ బండిలో ఆ సీట్లో అంతకు ముందెప్పుడూ కూర్చోలేదు. ఏమనిపించిందో, వాణ్ణి పక్కకి జరగమని నేనెక్కాను. పాదాలు తిన్నగా పెడళ్ల మీద ఆనాయి. తలెత్తితే అద్దంలో వెనక గేటు సరిగ్గా మధ్యలో కనబడింది. గబగబా దిగి, సీటు వెనక్కి జరుపుకోమని వాడికి చెప్పాను. దెయ్యమే అయితే నా అంత పొట్టి దెయ్యమన్నమాట, అని నవ్వుకోబోయాను. నవ్వు రాలేదు.

ఆయన్ని ఒంటరిగా బండి నడపవద్దన్నారు డాక్టరుగారు. బండి అమ్మేద్దామని ఆయనే అన్నారు, గోడవైపు చూస్తూ. ఆ ముఖం నేను చూడలేకపోయాను. నేను నేర్చుకుంటానన్నాను. ఈ వయసులోనా అని అందరూ ఒకటే నవ్వు.

అమలాపురం నుంచి డ్రైవింగ్ స్కూలు మాస్టారు చిన్న కారు తెచ్చుకుని వచ్చేవాడు. నేను దాన్ని తీసుకెళ్లి వలిచిన కొబ్బరి డొక్కల గుట్టలో దూర్చాను. ఇంకోరోజు పక్కింటివాళ్ల అరటిచెట్టు పడగొట్టాను. "పర్వాలేదండీ, అందరూ ఇంతేనండీ," అంటూనే అతను బ్రేకు మీంచి కాలు తీసేవాడు కాదు. ఎలాగో లైసెన్సు వచ్చింది. ఇక పెద్ద బండి తియ్యాలి. ధైర్యానికి మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మా వారు వెనక సీట్లో కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు.

వీధి మలుపు దాటాం. కాలవ వంతెన వచ్చింది. ఆగి, దిగి, చక్రాలు చూసుకోవాలని నాకు తోచనేలేదు. బండి దాటిపోయింది. ఇండికేటరు వేశాను, ఎదురొచ్చిన ఆటోకి దారిచ్చాను, గట్టు మీద చెట్టు నీడలో ఆపాను. మాస్టారు నాకేసి అదోలా చూశాడు.

"అమ్మగారూ, మీరు నాతో ఆడుకుంటున్నారండీ. ఈ బండి మీరు ఇదివరకే నడిపేరండీ."

అద్దంలో మా వారి ముఖం కనబడింది. ఆయన నవ్వడం లేదు. ముందుకి వంగి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నారు.

ఎక్కడా నేర్చుకోలేదన్నాను. అది నిజం. అంతకు మించి నాకూ తెలియదు.