తెల్ల గుర్రానికి మేనబావ

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేస్తాను. ఇది జబ్బు కాదు, అలవాటు. ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు కాస్త వెచ్చబడితే నా నోట్లో అది నూట ఆరు జ్వరం అవుతుంది. ఆర్మూరు మార్కెట్‌లో పసుపు ధర కాస్త లేచిందంటే, నేను చెప్పేసరికి రైతులంతా బంగారు పళ్ళు కట్టించుకుని తిరుగుతుంటారు. కాబట్టి ఇందులో జల్లెడ పట్టుకునే పని మీదే. పెంచి చెప్పినవి చాలానే ఉంటాయి గానీ, పూర్తిగా కల్పించింది ఒక్కటే. అదేదో చివర్లో ఒప్పుకుంటాను.

మా అక్క భర్త, అంటే మా బావ, పెర్కిట్‌లో ఉంటాడు. పసుపు, మక్కజొన్న వేస్తాడు. అవి కడుపుకు. పేరుకు మాత్రం ఆయనకు ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. పసుపు అమ్ముడుపోయి పెళ్ళిళ్ళు మొదలయ్యాయంటే, దాని మీద కూర్చోకుండా చుట్టుపక్కల ఏ పెళ్ళికొడుకూ అత్తగారి గడప తొక్కడు. దాని తెలుపు ఎంతటిదంటే, అది ఎండలో నిలబడితే ఎదురింటివాళ్ళు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వాకిలి ఊడ్చుకునేవారు. రంగు ఒక ఎత్తు, నిదానం మరో ఎత్తు. బరాత్‌లో డీజే బాక్సులు మోగితే ఆ అదురుకు మార్కెట్ యార్డులో ఆరబోసిన పసుపు కొమ్ములు డ్రమ్ములో వెయ్యకుండానే పాలిష్ అయిపోయేవి. ఆ బాక్సుల ముందే నిలబడి మా బావ గుర్రం కునుకు తీసేది. పటాకులు పేలితే ఒక చెవి కదిపేది, అదీ ఈగ వాలిందనుకుని.

అయితే దానికి వయసు మీద పడింది. పశువుల దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దాని పళ్ళు చూసి, కడుపు తడిమి చెప్పింది.

"ఇంకొక్క ఈత ఆశ పడొచ్చన్నా. గా తర్వాత దాన్ని తిప్పలవెట్టొద్దు."

ఒక్క ఈత. మా బావకు కావలసిందల్లా తల్లిలాంటి పిల్ల. అదే తెలుపు, అదే నిదానం. అది తప్పిందంటే, వాకిట్లో గుర్రం ఉన్న మనిషి కాస్తా వాకిట్లో ఒట్టి గుంజ ఉన్న మనిషి అయిపోతాడు. అందుకని సంబంధాల వేట మొదలుపెట్టాడు. మధ్యవర్తిని నేను.

మొదటి మగ గుర్రం బాల్కొండ వైపు దొరికింది. మీగడ తరక లాంటి గుర్రం. చాయ్ తాగుతూ మాట్లాడుకుంటుంటే, దాని తల్లీ మా బావ గుర్రం తల్లీ అక్కాచెల్లెళ్ళని తేలింది. మా బావ గ్లాసు కింద పెట్టేశాడు.

"అంటె పెద్దమ్మ కొడుకా? అన్న వరుస గదా! అన్నకిస్తరా ఎవలన్న? నడువ్ బామ్మర్ది."

"గుర్రాలకు అన్నేంది, తమ్ముడేంది పటేలా?" అని ఆ గుర్రం యజమాని నెత్తి కొట్టుకునేసరికి మా బావ బండి స్టార్ట్ చేసేశాడు.

రెండోది ధర్పల్లిలో. మా బావ గుర్రం తల్లి పుట్టిందీ అక్కడే, గుర్రాలు పెంచే ఒక ముసలాయన దొడ్లో. ఆయన దగ్గరున్న మగ గుర్రం, ఆ తల్లికి అన్న అయిన గుర్రానికి పుట్టినది. ఫోన్‌లో ఈ సంగతి వినగానే మా బావ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"మేనమామ కొడుకు! బావ వరుస! గిసొంటి సంబంధం దేవులాడినా దొరుకది!"

ఒకటి అమ్మకు అక్క కొడుకు, ఇంకొకటి అమ్మకు అన్న కొడుకు. రెండూ అంతే దగ్గర, అంతే దూరం. రక్తానికి ఆ తేడా తెలియదు. పెర్కిట్‌కు తెలుసు.

గుర్రాన్ని చూడడానికి డాక్టరమ్మ వచ్చిన రోజు నేనూ, నా భార్యా అక్కడే ఉన్నాం. మా బావ సంబరంగా సంగతి చెబితే ఆమె నవ్వలేదు.

"వరుస కలిసినంత మాత్రాన రక్తం మారదన్నా. రెండు దిక్కులకెల్లి ఒక్కటే రక్తమొస్తె మంచి గుణం గట్టిపడుతది, నిజమే. దాగున్న లోపం గూడ గట్టిపడుతది. పెద్ద పెద్ద ఫారాలోళ్ళు ఒక మంచి తాత రక్తం పోవొద్దని దూరం చూసుకొని కలుపుతరు, లోపమున్నదాన్ని మళ్ళ జతకు దాటియ్యరు. మన దిక్కు గంత పట్టింపు ఎవలికుంది?"

"మరి పసుపుకేమైంది మేడం? మా తాత పెట్టిన విత్తనమే నేను పెడుతున్న. దానికేం సంబంధం చూసినమా?"

మా అక్క చాటలోని బియ్యం మీద నుంచి తలెత్తకుండానే అందుకుంది. "పోయినేడు దుంపకుళ్ళు తగిలితె మెట్‌పల్లికి ఉరికి కొత్త విత్తనం తెచ్చిందెవలు? మీ తాతనా?"

మా బావ దారి మార్చి నన్ను చూపించాడు. "గిగో, మా బామ్మర్ది మేనమామ బిడ్డనే చేసుకున్నడు. పిల్లలు మంచిగ లేరా?"

"మంచిగనే ఉన్నరు. గని పెద్దోడు నోరు తెరిస్తె గప్పాలే," అంది అక్క. "మా అమ్మోళ్ళ నాయిన గప్పాలల్ల మొనగాడు. గా గుణం వీనికి మా అమ్మ దిక్కుకెల్లొచ్చింది, వీని పెండ్లానికి వాళ్ళ నాయిన దిక్కుకెల్లొచ్చింది. పెద్దోని కాడికొచ్చేసరికి రెండు కాల్వలు కలిసినయ్."

"గిదే అన్నా నేను చెప్పేది," అంది డాక్టరమ్మ. ఈసారి నవ్వింది. నా భార్య నా వైపు చూసిన చూపుకు అక్కడున్న పాలు విరిగిపోయాయి.

అయినా మా బావ వెనక్కి తగ్గలేదు. ఆదివారం ధర్పల్లి బయల్దేరాం. "పిల్లనిచ్చేటోళ్ళు ఒట్టి చేతులతోని పోతరా?" అని అక్క ఎగతాళిగా లడ్డూలు కట్టిస్తే, ఆయన నిజంగానే తీసుకున్నాడు. పైగా దారిలో ఒక శాలువా కొన్నాడు.

ఆ మగ గుర్రాన్ని చూస్తే, మబ్బు తునక దారి తప్పి కాళ్ళు మొలిపించుకుని దొడ్లోకి వచ్చినట్టుంది. మా బావ శాలువా కప్పాడు. అది శాలువా కొస నమలడం మొదలుపెట్టింది.

"కాకా, దీని నాయిన మా గుర్రానికి మేనమామనే గదా?" ఖాయం చేసుకోవడానికి అడిగాడు మా బావ.

"మామనే," అన్నాడు ముసలాయన గర్వంగా. "నాయిన గూడ గదే."

"ఎవలికి నాయిన?"

"నీ గుర్రానికి. అన్నను చెల్లెకే కట్టిచ్చిన. లేకుంటె గంత తెలుపు యాడికెల్లొస్తది తమ్మీ? బయటి రక్తం నా దొడ్లకు రానియ్యలే."

గుర్రాన్ని కొన్ననాడు మా బావ తల్లిని చూశాడు, తండ్రి ఎవరని అడగలేదు. ఇప్పుడు మామ అనుకున్నది నాన్నయింది. శాలువా కప్పించుకున్నది మేనబావ కాదు, ఒకే తండ్రికి పుట్టిన తమ్ముడు. మా బావ శాలువాను గుర్రం నోట్లోంచి మెల్లగా లాగి మడత పెట్టాడు. కానీ కాళ్ళు కదలలేదు.

"గని గట్ల పుట్టిందే గదా నాది," అన్నాడు నాతో గొంతు తగ్గించి. "తెల్లగ లేదా? నిదానంగ లేదా?"

నిజమే కదా.

అప్పుడు పాక చివర ఒక గుర్రపు పిల్ల కనబడింది. ఆ మగ గుర్రానికే పుట్టింది, పాల నురగంత తెలుపు. కింది దవడ పై దవడకు అందడం లేదు. తల్లి పొదుగు పట్టుకుంటోంది, జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. పాలు నోట్లోకి పోక మెడ మీదుగా కారుతున్నాయి. ఇక్కడ పెంచి చెప్పడానికి నాకేమీ దొరకలేదు.

"అప్పుడప్పుడు గిట్ల పుడుతయ్," అన్నాడు ముసలాయన. "సీసతోని పడుతం. కొన్ని బతుకుతయ్."

మా బావ దాని పక్కన కూర్చుని భుజం మీది తువ్వాలతో మెడ తుడిచాడు. తుడిచిన చోట మళ్ళీ పాలు కారాయి. లేచి లడ్డూల సంచి ముసలాయన చేతిలో పెట్టి, బండి దగ్గరికి నడిచాడు. పెర్కిట్‌లో, ఇంటి ముందు బండి దిగుతూ అన్నాడు.

"నాది మంచిగ పుట్టిందంటె గది నసీబు బామ్మర్ది. ఒక్కటే ఈత ఉన్నది. నసీబు మీద ఇడువలేను."

పోచంపాడ్‌లో చేపలు పట్టే ఒకాయన దగ్గర గట్టి గోధుమరంగు గుర్రం ఉందని తెలిసి వెళ్ళాం.

"దీని నాయిన ఎవలు?" అని అడిగాడు మా బావ.

"నాకేమెర్క? మా నాయిన గురించైతె చెప్త."

"గట్లనైతె ఖాయం," అన్నాడు మా బావ. ఆ జత మీద డాక్టరమ్మ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

మరుసటి ఏడాది పసుపు తవ్వే రోజుల్లో, పొద్దు పొడిచాక గుర్రం ఈనింది. పిల్ల తడబడుతూనే లేచి నిలబడింది. డాక్టరమ్మ దాని నోరు తెరిచి చూసి దవడలు సమానంగా ఉన్నాయంది. రంగు మాత్రం అచ్చంగా ఉడికించి ఆరబోసిన పసుపు కొమ్ము రంగు. వెనక ఎడమ కాలు ఒక్కటీ మోకాలి దాకా తెలుపు.

"గా కాలు తల్లిదే," అన్నాడు మా బావ.

"ఇగ బరాత్‌ల పెండ్లికొడుకును గా కాలు మీద కూసోవెట్టు," అంది మా అక్క.

కల్పించింది ఒకటుందన్నాను కదా, అది ఆ తెల్ల కాలు. కాలే లేదు గనుక ఆ రెండు మాటలూ నావే. శాలువా నిజం, మామే నాన్న కావడం నిజం. పిల్ల ఒంటి మీద మాత్రం ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఎలా తెలుసంటే, మా బావ వెతికాడు. చెవుల వెనక చూశాడు, పొట్ట కింద చూశాడు, తోక ఎత్తి చూశాడు, గిట్టల చుట్టూ తడి తుడిచి చూశాడు. మా అక్కే తుడవడానికి గుడ్డ అందించింది. చివరికి వెతకడం ఆపి దాని నోట్లో వేలు పెట్టాడు. పొదుగనుకుని అది గట్టిగా పట్టుకుంది.

"ఇడుస్తలేదు," అన్నాడు మా బావ. ఆయనా వేలు తీయలేదు.