అక్షింతలు పడ్డ రైఫిల్

మా ఇంట్లో దసరాకు పూజ అందుకోని ఇనుప ముక్క ఉండదు. మా ముత్యాల దుకాణంలోని తరాజు, షట్టరు తాళం, నా స్కూటరు, చివరికి కూరగాయల కత్తి కూడా కుంకుమ బొట్టు పెట్టించుకుని కూర్చుంటాయి. ఆ ఏడు అమ్మ నా రైఫిల్ కూడా కావాలంది. లైసెన్సున్న పాయింట్ టూ టూ అది, చిన్న తూటాది. ఆదివారాలు ఊరి బయటి రేంజిలో దూరపు గురికి కొడతాను. నేను దాన్ని ముట్టుకున్నప్పుడల్లా అమ్మకు గుండె దడే.

"దేవుని ముంగట పెట్టు బిడ్డా. నీకేం గావద్దని మొక్కుకుంట" అంది.

తూటాల్లేని రైఫిల్‌ను గొట్టం పైకి ఉండేలా దేవుడి అర పక్కన నిలబెట్టాను. అమ్మ పిడికెడు అక్షింతలు నా మీదా, దాని మీదా చల్లింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే పాతబస్తీలో మా ఇల్లున్న హుస్సేనీ ఆలం నుంచి రేంజికి బయల్దేరాను. ఈ చిన్న తూటాతో వచ్చిన తంటా ఏమిటంటే, దూరం పోయేకొద్దీ ఏ కాస్త గాలైనా దాన్ని పక్కకు నెట్టేస్తుంది. అందుకే బోర్లా పడుకుని, గాలి చూపే జెండాలు వాలేదాకా కాచుకోవాలి. ఆ రోజు మస్తు కాచుకున్నాక పక్క చాప మీది పాత మిత్రుడు అరిచాడు.

"హవా బంద్ భాయ్! జల్ది కొట్టు!"

తూటా వేళ్ల మధ్యనే ఉంది. కానీ ముందు బోల్టు, అంటే వెనక గడియ, తీసి గొట్టంలోంచి చూడాలి. అది రేంజి నియమం. దానికి తోడు మా ఇంటి అలవాటు కూడానూ: ముత్యానికి తొలిచిన బెజ్జాన్ని వెలుతురుకు పట్టి చూడకుండా మేం కొనం. విసుక్కుంటూనే చూశాను. గుండ్రటి వెలుగు కనబడాల్సిన చోట చీకటి.

శుభ్రం చేసే కడ్డీతో వెనక నుంచి తోస్తే, ముద్దకట్టిన పసుపు బియ్యం గొట్టం మూతిలోంచి రాలాయి.

"కొట్టినవనుకో, గొట్టం పగుల్తుండె. కన్ను పోతుండె భాయ్" అన్నాడు మిత్రుడు, ముఖం పాలిపోయి.

తూటాను చాప మీద పెట్టేశాను. ఆ వెంటనే నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. బతికిపోయానన్న సంతోషానికి సిగ్గూ శరం ఉండవు. ఇంతలో గాలి మళ్లీ లేచింది. ఒక్క తూటా కూడా కాల్చకుండానే హాయిగా ఇంటికొచ్చాను.

అమ్మ దగ్గర దాచలేకపోయాను. వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా చేతులతోనే ఎంత పని అవుతుండెరా కొడకా!"

"ఏం గాలేదు గదమ్మా. ఫికర్ చెయ్యకు" అన్నాను. అయినా నా రెండు కళ్లూ వేళ్లతో తడిమి చూసుకుంది.

మరుసటి దసరాకు అమ్మ రైఫిల్‌ను పూజకు పిలవలేదు. "దాన్ని పెట్టెలనే ఉండనియ్యి" అంది. ఆ తర్వాతి ఆదివారం నేను రేంజికి బయల్దేరుతుంటే గడపలో ఆపి, దాని వంతు అక్షింతలు కూడా నా నెత్తినే పోసింది. చాప మీద బోర్లా పడుకోగానే కాలర్లోంచి పసుపు గింజలు రాలాయి. వాటిని దులపలేదు. బోల్టు తీసి గొట్టంలోంచి చూశాను. నిండా వెలుగు.