రేడియం చెంగల్రాయుడికి సంతాపసభ

చెంగల్రాయుడు బతికున్నన్నాళ్లూ అతని అంగడి ముందుకు వచ్చి పలకరించని పెద్దమనుషులు, అతను పోయిన నెలకి అదే అంగడి ముందు నూటయాభై కుర్చీలు వేయించారు. పూతలపట్టు కూడలిలో, చిత్తూరు నుంచి తిరుపతికి పోయే రోడ్డు పక్కన, మట్టి మార్జిన్ మొత్తం మింగేసి షామియానా కట్టారు. వెనక నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో చేతులు జోడించి నవ్వుతున్నది అన్నదాన కమిటీ అధ్యక్షుడు బాలసుబ్రమణ్యం. చచ్చిపోయిన మనిషి మాత్రం ఒక మూలన, గుర్తింపు కార్డులో ఫోటో అంత ఉన్నాడు.

ముందు వరుసలో కూర్చున్న పవిత్రకు ఒళ్లు మండిపోతోంది. ఆమె చెంగల్రాయుడి ఒక్కగానొక్క కూతురు. చిత్తూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రేపు తమిళుల పెరటాసి నెలలో మొదటి శనివారం. తమిళనాడు వైపు నుంచి పసుపు గుడ్డల భక్తులు గుంపులు గుంపులుగా తిరుపతి కొండకు నడిచిపోయేది ఈ సాయంత్రమే, ఈ మార్జిన్ మీదే. పొద్దున్నే బాలసుబ్రమణ్యాన్ని పట్టుకుని చెప్పింది, పందిరి ఇంకోచోట వేయమని.

"ఒక్క సాయంత్రం కదమ్మా, సర్దుకుంటారులే," అన్నాడాయన. సర్దుకోవలసింది ఎప్పుడూ నడిచేవాళ్లే మరి.

మైకులో ఆయన గొంతు వణికించడం మొదలుపెట్టాడు. "చెంగల్రాయుడు నాకు సొంత తమ్ముడి లెక్క..."

తమ్ముడట! నాలుగేళ్ల కిందట ఇదే తమ్ముడి బల్లను, అన్నదానం బ్యానరుకు అడ్డమొస్తోందని, కాలువ పక్కకు ఈడ్పించిన మహానుభావుడు ఈయనే. చెంగల్రాయుడు బల్లను మళ్లీ తుడుచుకుని కాలువ పక్కనే కూర్చున్నాడు. ఆ మెతకదనం మీద పవిత్రకు ఈరోజుకీ కోపమే.

అతనిది నంబరు ప్లేట్ల అంగడి. బండ్లకు నంబర్లు, లారీలకు వెనక అతికించే, లైటు పడితే మెరిసే రేడియం పట్టీలు కత్తిరించడం పని. పవిత్ర మూడో తరగతిలో ఉండగా, నడిచిపోతున్న ఒక ముసలామెను అంగడి ఎదుటే లారీ కొట్టేసింది. డ్రైవరు రోడ్డు మీద కూలబడి, "కనపడలేదు సామీ, ఒట్టు, కనపడలేదు," అని గుండెలు బాదుకున్నాడు. ఆ ఏటి నుంచి పెరటాసి వస్తే చాలు, చెంగల్రాయుడు అంగడి పని కట్టిపెట్టి, నడిచేవాళ్ల సంచులకు, వీపులకు రేడియం ముక్కలు అతికించేవాడు. వద్దన్నవాళ్ల వెంట పడి మరీ అతికించేవాడు. ఒకసారి ఎవరో పిలిచి శాలువ కప్పితే, దాన్ని ముక్కలు చేసి బొబ్బలెక్కిన కాళ్లకు కట్లు కట్టేశాడు. కప్పినవాళ్లు ఆరునెలలు మాట్లాడలేదు. పీడా పోయింది.

"తల్లి లేని బిడ్డను మహారాణి మాదిరి పెంచినాడు," అని బాలసుబ్రమణ్యం కన్ను తుడుచుకున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

మహారాణి! పవిత్రకు రెండేళ్లప్పుడు తల్లి పోయింది. చెంగల్రాయుడు వండిన అన్నం సగం రోజులు మాడేది. వేసిన జడ బడికి చేరేలోపు ఊడేది. కూతురి పుస్తకాల సంచికి, గొడుక్కి, సైకిలుకి, చివరికి చెప్పులకి కూడా రేడియం అతికించాడు. ఆడపిల్లలు "లారీ వస్తా ఉండాది, పక్కకు జరగండే" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె ఏడుస్తూ వచ్చి పీకేస్తే, మర్నాటికి మళ్లీ అతికించి ఉండేది. "వాళ్లు నవ్వితే నవ్వనీ పాపా. నువ్వు కనపడాల, అంతే," అనేవాడు. మాడిన అన్నం తిని పెరిగిన ఆ సంగతి ఈ మైకులోంచి ఒక్కడు చెబితే ఆమె దండం పెట్టేది. ఎవడికి తెలుసు గనక!

వెలుగు తగ్గుతోంది. దూరం నుంచి "గోవిందా... గోవిందా" అని వినబడింది. సరిగ్గా అప్పుడే బాలసుబ్రమణ్యం అందరినీ లేపి, రెండు నిమిషాలు మౌనం అన్నాడు.

నూటయాభై మంది తలలు దించుకున్నారు. పసుపు గుడ్డల గుంపు పందిరి దాకా వచ్చి ఆగింది. దారి లేదు. ఛాతీ మీద బ్యాడ్జి తగిలించుకున్న కమిటీవాడు ఒకడు పరుగున వెళ్లి, నోటి మీద వేలు పెట్టి, "ఉష్, అరవద్దండి సామీ, ఈడ మౌనం జరగతా ఉండాది. అట్ల రోడ్డు మీద చుట్టుకోని పోండి," అన్నాడు.

వాళ్లు పాపం గోవిందను మింగేసి, ఉత్త కాళ్లతో తారు రోడ్డు మీదికి దిగారు. చంకలో బిడ్డను పెట్టుకున్న ఒకామె అందరికంటే బయటి అంచున నడుస్తోంది. ఎవరి వీపు మీదా ఒక్క రేడియం ముక్క లేదు.

లారీ హారను మోగింది. పవిత్ర ఎలా లేచిందో ఆమెకే తెలియదు. రోడ్డు మీదికి ఉరికి ఆ బిడ్డ తల్లిని రెక్క పట్టి లాగింది. లారీ గాలి వాళ్లిద్దరి కొంగులనూ ఎగరగొట్టి వెళ్లిపోయింది. తల్లి బిడ్డను గుండెకు అదుముకుంది. పందిట్లో మౌనానికి మాత్రం భంగం రాలేదు. ఇద్దరు ముగ్గురు తలెత్తి చూసి, బాలసుబ్రమణ్యం ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడని మళ్లీ దించుకున్నారు.

పవిత్ర గుంపును ఆపి, తిన్నగా షామియానా గుంజ దగ్గరికి నడిచింది. తాడు ముడి పళ్లతో పట్టి లాగింది. పక్క అంగడి వెల్డింగు ఇమాంసాహెబ్ ఒక్కడే లేచి, ఏమీ అడగకుండా రెండో గుంజ దగ్గరికి పోయాడు. పందిరి ఒక పక్కకు ఒరిగింది. ఫ్లెక్సీ మడతపడి కుర్చీల మీద వాలింది.

"ఏయ్, ఏమ్మా, నీకేమన్నా పిచ్చా?" బాలసుబ్రమణ్యం కళ్లు తెరిచి మైకులోనే అరిచాడు. "మీ నాయన పేరు మీద కట్టింది గదా అది!"

పవిత్ర నోట్లోంచి తాడు తీసి అంది.

"అందుకే ఇప్పతా ఉండా."