పాడె మోసిన ఎంపీ

కాప్రా పోయే బస్సు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర నిండింది. ఎన్నికల రోజులు. మా ఎంపీ పార్లమెంటులో ఏం చేశాడో ఫోన్లో చూస్తూ, పక్క సీటాయనతో నవ్వుతూ అన్నాను, "ఫ్యాక్టరీ బిల్లుకి ఓటింగ్ పెట్టిన రోజు మనవాడు సభకే వెళ్లలేదండీ. ఎక్కడ తిని పడుకున్నాడో!"

మూతి మీద గుద్దాడు. కాలర్ పట్టి నా తలను కిటికీ ఊచకేసి కొట్టాడు.

"ఆ దినం మా ఇంట్ల ఉండెరా! బాయిలర్ పేలి మా తమ్ముడు సచ్చిపోతే వచ్చిండు. చెప్పులిడిచి పాడె మోసిండు. నువ్వు మోసినవా?"

విరిగిన పన్ను నెత్తురుతో ఉమ్మాను. నాకూ ఒళ్లు మండింది.

"ఆ ఓటు బాయిలర్ల మీదే! తనిఖీలు ఎత్తేద్దామన్నారు, ఎత్తేశారు!"

మళ్లీ పిడికిలెత్తాడు. కళ్లు మూసుకున్నాను. దెబ్బ నా మీద పడలేదు. ముందు సీటు కడ్డీని గుద్దుతున్నాడు. కండక్టర్ వచ్చి పట్టుకునేసరికి వేళ్ల కణుపులు చిట్లిపోయాయి.

దిగేముందు నా వైపు తిరిగాడు.

"జెర చెప్పన్నా. ఆడ ఉంటే ఓటు ఎటేస్తుండె?"

నాకు తెలీదన్నాను.

మొన్న మా బాబాయి శవాన్ని ఎత్తుతుంటే, మళ్లీ గెలిచిన అదే ఎంపీ వచ్చాడు. చెప్పులు విడిచి పాడెకి భుజం పెట్టబోయాడు. అడ్డం నిలబడ్డాను.

"ఇక్కడ నలుగురం ఉన్నాం. సభ నడుస్తోంది, మీరు వెళ్లండి."