నంజప్ప నమలడం నేర్చిన చలికాలం

"నోరు తెరువు! తెరువంటా ఉండా కదా, ఏముండాది దాంట్లో?"

"ఏం లేదు మే," అన్నాడు నంజప్ప. మాటతోపాటు క్రీమ్ బయటికొచ్చి గడ్డం మీదికి జారింది.

"థూ! ఒక కాలివేలు తీసేసిరి. ఇంగొకటి పోతే బస్సెట్ల తోల్తావు?"

యలహంక పాతూళ్ళో మా బేకరీ పక్కసందులో మొగుడూ పెళ్ళాల గొడవ ఇది. కాలేజీ మానేసి కౌంటర్లో నిలబడ్డ నాకు అంతా వినబడుతోంది, కనబడుతోంది కూడా. నంజప్ప గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు. ముదిరిన షుగరు. రోజూ డ్యూటీ దిగి వచ్చి క్రీమ్ బన్నులు కవర్లో వేయించుకుంటాడు. గోడవైపు తిరిగి, కవర్లోనే మూతి పెట్టి, నమలకుండా మింగుతాడు. చివర్న కవరు నాకుతాడు. మా మాడిన నూనె వాసన భరించగలను గానీ ఆ చప్పుడు భరించలేను. మొహం పక్కకు తిప్పుకుని కవరు అందించేవాణ్ణి.

ఆ గొడవ తర్వాత ఆయన పెళ్ళాం సొన్నమ్మ ఇంట్లో ఉప్పూకారం లేని గంజి, ఉడికించిన సొరకాయ మొదలుపెట్టింది. ఆయన క్యారియర్‌లో ఒకసారి చూశాను. చీమిడిలా ఉంది. అది తిన్నవాడు బన్నుకు పరిగెత్తక ఏం చేస్తాడు? వారం తిరక్కముందే మళ్ళీ మా గోడ దగ్గరే ఉన్నాడు, ఈసారి రెండు కవర్లతో.

ఇంతలో చలి మొదలై, చిక్కుడులాంటి అనపకాయల కాలం వచ్చింది. సొన్నమ్మకూ విసుగొచ్చినట్టుంది, గంజి మానేసి నానిన గింజలు మొగుడి ముందు పెట్టింది. "నువ్వు పితికినంతే నీకు కూర," అందట. ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు జారిపడాలి. ఎంతసేపు పితికినా గిన్నె అడుగు నిండదు.

మర్నాడు బేకరీకొచ్చాడు. ఏమీ కొనలేదు. వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడప్పా!" గోళ్ళ కింద పచ్చటి మురికి. వెనక్కి జరిగాను.

"అంత కష్టపడి పితికినాక మింగబుద్ధి కాలేదు. రాగిముద్దంటే ఎట్లాగూ మింగేదే. పప్పు మాత్రం ఒక్కొక్కటే నమిల్తిని. ఎంత కమ్మగుండాదో! చిన్న గిన్నెడుకే చాలనిపించె. నీ బన్ను రుచి ఎట్లుంటుందని అడుగు, చెప్పలేను. ఇన్నేండ్లు తిన్నా గదా!"

ఆ చలికాలమంతా మా గోడ ఖాళీగా ఉంది. నాకూ హాయిగా ఉంది.

నిన్న మళ్ళీ వచ్చాడు. కళ్ళు బన్నుల అద్దం మీదే ఉన్నాయి.

"సంతలో కాయలు అయిపోయినాయప్పా. ఇంగ ఈడికే వస్తానేమోనని భయంగా ఉండాది. వస్తే కవర్లో ఇయ్యొద్దు. ఒక్కటే ఇయ్యి, ప్లేట్లో పెట్టి. స్టూలేసుకోని నా ఎదురుగా కూర్చో. నమిలి మింగేదాకా నా నోరే చూస్తా ఉండు."